అనంతపురంలో ఆరేళ్లుగా ఎంబీఆర్ ప్లాంటు: మెంబ్రేన్ మూసుకుపోవడంపై నా అనుభవం

అనంతపురం శివార్లలోని మా నివాస సముదాయంలో 90 ఇళ్లు ఉన్నాయి. మురుగునీటి శుద్ధికి 2019లో ఎంబీఆర్ (మెంబ్రేన్ బయోరియాక్టర్) ప్లాంటు పెట్టించుకున్నాం. సంఘం తరఫున దాని బాధ్యత మొదటి రోజు నుంచి నాదే. సూక్ష్మజీవులు మురికిని తిన్నాక, ఆ బురదనీటిని మెంబ్రేన్ అనే వడపోత పోగుల గుండా పంపుతో పీల్చి వడగట్టడం దీని పద్ధతి. సేమియాలాంటి బోలు పోగులవి. వాటి గోడల్లోని రంధ్రాలు కంటికి ఆనవు. వచ్చే నీరు తేటగా, వాసన లేకుండా ఉంటుంది. మరుగుదొడ్లకూ వేపచెట్లకూ అదే వాడుతున్నాం. వేసవిలో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల కోసం ఎదురుచూసే ఊళ్లో ఇది ఎంత ఊరటో వేరే చెప్పాలా!

బాధంతా పోగులు మూసుకుపోవడంతోనే. శుభ్రంగా ఉన్నప్పుడు పంపు పీల్చే పీడనం మా గేజ్‌లో 8 కిలోపాస్కల్. అది 35కు చేరిందంటే కడగాల్సిందే. మొదటి రెండేళ్లు మూడు వారాలకోసారి ఆ గీత దాటేది. అమర్చిన సంస్థ మనుషులు వచ్చి, సోడియం హైపోక్లోరైట్ (బ్లీచింగ్ ద్రావణం) పోసి, బిల్లు ఇచ్చి వెళ్లేవారు. అసలు కారణం ఎవరూ చెప్పలేదు.

ఒక రాత్రి కాగితం మీద లెక్క వేసుకున్నాను. రోజుకు 50,000 లీటర్ల మురుగు, మెంబ్రేన్ వైశాల్యం 200 చదరపు మీటర్లు. ఆపరేటర్ పగలు పది గంటలే పంపు నడిపేవాడు. అంటే ప్రతి చదరపు మీటరు నుంచి గంటకు 25 లీటర్లు లాగుతున్నాం. అంత వేగంగా పీలిస్తే బురద పోగుల మీదికి వచ్చి అతుక్కుంటుంది. సూక్ష్మజీవులు విడుదల చేసే జిగురు దాన్ని గట్టిగా పట్టి ఉంచుతుంది. అదే నీటిని ఇరవై గంటలకు పరిచాం. తొమ్మిది నిమిషాలు పీల్చి ఒక నిమిషం ఆపేలా టైమర్ పెట్టాం. ఇప్పుడు లెక్క గంటకు 14 లీటర్ల దగ్గర ఉంది. ఆ ఒక్క నిమిషం విరామంలో కింద నుంచి వచ్చే గాలి బుడగలు పోగులను ఊపి పొరను రాల్చేస్తాయి. ఈ మార్పుకు టైమర్ ధర తప్ప ఖర్చేమీ కాలేదు. కడిగే వ్యవధి మూడు వారాల నుంచి మూడు నెలలు దాటింది. నేను చేసిన పనులన్నిటిలో ఎక్కువ ఫలం ఇచ్చింది ఇదే.

రెండో పాఠం మన నీళ్లు నేర్పాయి. మా బోరు నీటిలో కాఠిన్యం ఎక్కువ. బకెట్ల అడుగున తెల్లని పొర చూడని ఇల్లు లేదు. అదే సున్నపు పొర పోగుల మీద కూడా పేరుకుంటుంది. దాన్ని హైపోక్లోరైట్ కరిగించలేదు. పైగా ఆ ద్రావణానికి క్షారగుణం ఉంటుంది, బోరు నీటిలో కలిపితే సున్నం ఇంకా దిగుతుంది. రెండేళ్లు మేం చేసింది సరిగ్గా ఆ పొరపాటే. ఇప్పుడు కాఠిన్యం లేని మెత్తని నీటిలోనే కలుపుతున్నాం. ముందు హైపోక్లోరైట్‌తో జిగురు వదిలించి, బాగా కడిగాక, వేరే రోజు 2 శాతం నిమ్మ ఉప్పు ద్రావణంలో కొన్ని గంటలు నానబెడతాం. ఈ రెండూ పొరపాటున కూడా కలవకూడదు, క్లోరిన్ విషవాయువు పుడుతుంది. ఇంకో మాట: మన ఎండకు హైపోక్లోరైట్ త్వరగా బలం కోల్పోతుంది. చిన్న డబ్బాలు కొని నీడలో పెట్టుకోవాలి.

మూడోది వెంట్రుకలు. ముందున్న జల్లెడ సందులు 6 మిల్లీమీటర్లవి. తలవెంట్రుకలు, బట్టల దారాలు దాంట్లోంచి జారి పోగుల చుట్టూ జడల్లా అల్లుకునేవి. వాటికి గాలీ చాలదు, మందూ చాలదు. చేత్తో లాగినప్పుడు కొన్ని పోగులు తెగి, శుద్ధి నీటిలోకే మురికి వచ్చింది. ఒక మాడ్యూలు, అంటే పోగుల కట్ట మొత్తం, మార్చాల్సి వచ్చింది. మా ప్లాంటులో అన్నిటికన్నా ఖరీదైన నష్టం అదే. 2 మిల్లీమీటర్ల జల్లెడ పెట్టాక మళ్లీ ఆ దుస్థితి రాలేదు. వంటింటి నూనెను పట్టే తొట్టిని పండుగ మర్నాడు తప్పక శుభ్రం చేయిస్తాను.

బురద చిక్కదనం లీటరుకు 8 నుంచి 10 గ్రాముల మధ్య ఉంచుతున్నాం. ఆపరేటర్ వారానికోసారి 50 మిల్లీలీటర్ల బురదనీటిని వడపోత కాగితంలో పోసి, ఐదు నిమిషాల్లో ఎంత దిగిందో చూస్తాడు. 10 మిల్లీలీటర్లు దిగకపోతే ఆ వారం కొంత బురద తీసేస్తాం. చవకైన పరీక్ష, మమ్మల్ని చాలాసార్లు ముందే హెచ్చరించింది.

లోటు చెప్పకపోతే ఈ సమీక్ష సగమే. పంపుతో పాటు పోగుల కింద గాలి ఊదే బ్లోయర్ కూడా ఇరవై గంటలు తిరగాలి, కరెంటు బిల్లు కచ్చితంగా పెరిగింది. సంఘం సమావేశంలో ఈ ఖర్చు మీద వాదన జరిగినప్పుడు, పాత శుభ్రత బిల్లులన్నీ బల్ల మీద పెట్టాను. రోజూ గేజ్ చూసి పుస్తకంలో రాసే మనిషి లేని చోట ఈ పద్ధతి పెట్టించుకోవద్దని గట్టిగా చెబుతాను. మా ఆపరేటర్ ఆ పని ఒక్క పూట కూడా మానడు, మా అదృష్టం అతనే.

మొదట వచ్చిన మాడ్యూళ్లలో మిగిలినవి ఇంకా పనిచేస్తున్నాయి. ఈ ఉదయం గేజ్ 11 చూపింది. చివరిసారి కడిగి 70 రోజులైంది.