కథకురాలి పెళ్లికి రత్నం కలం

పదేళ్లుగా నా ప్రతి కథకూ తొలి పాఠకురాలైన మిత్రురాలికి, తానూ చక్కని కథలు రాసే మనిషికి, పెళ్లి కుదిరిందని తెలిసినప్పుడు పట్టుచీరకన్నా రాజమహేంద్రవరం రత్నం కలమే తగిన కానుక అనిపించింది. విదేశీ కలాలకు దీటైన స్వదేశీ కలం చేయాలన్న పట్టుదలతో కోసూరి వెంకటరత్నం గారు 1932లో ప్రారంభించిన పని ఇది. ఆయన పంపిన కలం అందుకున్న గాంధీజీ 1935లో మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు.

నేను ఎంచుకున్నది నల్లని ఎబొనైట్ కలం. గంధకం కలిపి గట్టిపరచిన ఈ రబ్బరును లేత్ మీద చేత్తో చెక్కి నునుపు చేస్తారు. ఇది ప్లాస్టిక్‌లా చల్లగా తగలక, పట్టుకున్న కాసేపటికే చేతి వెచ్చదనాన్ని తీసుకుంటుంది. కొత్తలో గంధకపు వాసన కొద్దిగా వస్తుంది, నాకది ఇష్టమే. డ్రాపర్‌తో సిరా నేరుగా గొట్టంలోనే పోసుకోవాలి. అందుకు ఓపిక కావాలి గానీ, ఒకసారి నింపితే చాలా పేజీలు సాగుతుంది. కుదుపులకు సిరా కారవచ్చు కనుక, బస్సు ప్రయాణాల్లో జేబులో పెట్టుకునేవారికి మాత్రం దీన్ని సిఫారసు చేయను.

తలంబ్రాల మర్నాడు, గోరింట ఎర్రగా పండిన వేళ్లతో మూత తిప్పి తీసి, మిగిలిన శుభలేఖ వెనుక ఆమె తన కొత్త కథకు మొదటి వాక్యం రాసింది. పాళీ ఎక్కడా గీరుకోలేదు. ఆ శుభలేఖను నేను అడిగి తెచ్చుకున్నాను.