విడిగా ఒక కోర్సా, అన్ని పాఠాల్లో కలపడమా?

కాబోయే టీచర్లకు, లైబ్రేరియన్లకు మనుషుల్లో, సంస్కృతుల్లో ఉండే వైవిధ్యాన్ని పుస్తకాల ద్వారా నేర్పడానికి రెండు దారులు.

విడి కోర్సు అయితే తీరిగ్గా చదవొచ్చు. 1990లో అమెరికాకు చెందిన బాలసాహిత్య పరిశోధకురాలు రుడీన్ సిమ్స్ బిషప్ పుస్తకాలను అద్దాలతో, కిటికీలతో, పక్కకు జరిగే గాజు తలుపులతో పోల్చారు: పిల్లలు అందులో తమను చూసుకోవాలి, ఇతరుల బతుకుల్లోకి తొంగి చూడాలి, ఆ లోకంలోకి అడుగుపెట్టాలి. ఇది మనసుకు ఎక్కాలంటే, మనలో పాతుకుపోయిన అభిప్రాయాలను మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. దానికి టైమ్ కావాలి. కాకపోతే, పరీక్ష అయ్యాక మరిచిపోయే ప్రమాదం ఉంది.

అన్ని పాఠాల్లో కలిపితే అది అలవాటవుతుంది. పుస్తకాల ఎంపిక నేర్పేటప్పుడే, ఎవరి కథలు షెల్ఫులో లేవో వెతికించవచ్చు. కానీ బోధించేవాళ్లకే అవగాహన లేకపోతే ఇతర సంస్కృతుల పండగల గురించి చెప్పడం దగ్గరే ఆగిపోతుంది.

ఒక్కటే ఎంచుకోమంటే నేను విడి కోర్సే అంటాను. ముందు చదివినవాళ్లే కదా కలపగలిగేది!