జెండర్ పాఠానికి ఏది మేలు: రెండు గడుల పట్టికా, నాలుగు గీతల బొమ్మా?

"మేడం, ఏ చార్టు వాడమంటారు?" ఈ మధ్య నాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే. జూనియర్ కాలేజీ లెక్చరర్లు, అంగన్‌వాడీ సూపర్‌వైజర్లు, మార్చి 8 దగ్గరపడితే బ్యాంకువాళ్ళు కూడా. సెక్స్ వేరు, జెండర్ వేరు అని వాళ్ళకు తెలియక కాదు. 40 నిమిషాల్లో ఎదుటివాళ్ళకు ఎలా ఎక్కించాలన్నదే టెన్షన్. 12 ఏళ్ళుగా ఈ క్లాసులు చెబుతున్నాను కాబట్టి నా అనుభవంలో ఏది నిలిచిందో, ఏది జారిపోయిందో ఒకేసారి రాసేస్తున్నాను.

రెండు గడుల పట్టిక అందరూ చూసిందే. ఎడమవైపు సెక్స్: ఒంటికి సంబంధించినది, పుట్టుకతో వచ్చేది. కుడివైపు జెండర్: సమాజం నేర్పేది, ఊరినిబట్టీ కాలాన్నిబట్టీ మారేది. 1972లో బ్రిటన్ సామాజిక శాస్త్రవేత్త ఆన్ ఓక్లీ రాసిన దగ్గర్నుంచి ఈ విభజన ప్రపంచమంతా తిరిగింది. మన దేశంలో దాన్ని పల్లె మహిళా సంఘాల దాకా తీసుకెళ్ళినవాళ్ళలో స్త్రీవాద రచయిత్రి కమలా భసీన్ ముందుంటారు. దీంతో చేయించే అభ్యాసం కూడా పాతదే. బోర్డు మీద ఆడ, మగ అని రాసి, కింద తోచిన మాటలన్నీ చెప్పమంటాం. తర్వాత పైనున్న రెండు మాటల్నీ తారుమారు చేసి, కిందవాటిలో ఇంకా ఏవి చెల్లుతాయో అడుగుతాం. కానుపు చెల్లదు. వంట చెల్లుతుంది. అక్కడ నేను ఆగి రెండు ప్రశ్నలు వేస్తాను. ఇంట్లో గ్యాస్ స్టవ్ దగ్గర ఆడపని అయిన వంట, పెళ్ళిలో గాడిపొయ్యి దగ్గరికి వచ్చేసరికి మగపని ఎందుకైంది? పొద్దంతా నడుం వంచి నాట్లు వేసేవాళ్ళకు బలం తక్కువని కూలి ఎందుకు తగ్గిస్తున్నారు? ఇక క్లాసును నడపడం నా పని కాదు, ఆపడమే నా పని.

ఇక నాలుగు గీతల బొమ్మ. 2011 తర్వాత ఇంటర్నెట్‌లో బాగా తిరిగిన జెండర్‌బ్రెడ్ అనే బిస్కెట్టు మనిషి అది. జింజర్‌బ్రెడ్ అనే మనిషి ఆకారపు విదేశీ బిస్కెట్టు పేరు మీద మాటల ఆట. మెదడు దగ్గర జెండర్ గుర్తింపు (తాను ఆడో మగో మరొకరో అని లోపల తనకు తెలిసేది), గుండె దగ్గర ఆకర్షణ, కాళ్ళ మధ్య సెక్స్, ఒంటి చుట్టూ చుక్కల గీతగా వేషభాషలు. ఒక్కోదానికి ఒక్కో గీత, ఆ గీత మీద మీరు ఎక్కడున్నారో మీరే గుర్తు పెట్టుకోవాలి. దీనికి తమ్ముడిలాంటిది ఊదారంగు యూనికార్న్, అందులో అంశాలు ఐదు. హైటెక్ సిటీ ఆఫీసుల్లో ఇవి చక్కగా పనిచేస్తాయి. ఇంగ్లిష్‌లో ఆలోచించేవాళ్ళకు పది నిమిషాల్లో అర్థమైపోతాయి.

మరి ఏది మేలు? నా లెక్కలో ఏ పాఠానికైనా ఒకటే పరీక్ష. విన్న మనిషి చార్టు చేతిలో లేకుండా, ఇంటికెళ్ళి అత్తగారికో తమ్ముడికో తెలుగులో తిరిగి చెప్పగలగాలి. ఈ పరీక్షలో బిస్కెట్టు మనిషి మొదటి మెట్టు దగ్గరే బోల్తా పడతాడు. ఆ బిస్కెట్టే మనకు తెలియదు. పట్టికకు కూడా తెలుగు పేర్ల దగ్గర చిక్కుంది. కమలా భసీన్ హిందీలో ప్రాకృతిక్ లింగ్, సామాజిక్ లింగ్ అని విడదీశారు. దాన్ని అలాగే తెలుగులోకి దించుకుని 'సామాజిక లింగం' అని బోర్డు మీద రాసి చూడండి. మొదటి బెంచీ తల దించుకుంటుంది, చివరి బెంచీ నవ్వుతుంది. మనకు లింగం అంటే గుళ్ళో శివుడు, వ్యాకరణం, ఒంట్లో అవయవం, స్కానింగ్ సెంటర్ గోడ మీద 'లింగ నిర్ధారణ నేరం' అన్న బోర్డు. ఒక్క మాట మీద ఇన్ని బరువులుంటే ఇంకో బరువు ఎక్కడ పెడతాం?

అయితే ఈ తేడా మన భాషలో లేకపోలేదు. పుస్తకాల మాటల్లో కాదు, తిట్లలో ఉంది. చెట్లెక్కే ఆడపిల్లను మగరాయుడు అంటాం. అలా అన్న నాయనమ్మకు ఆ పిల్ల ఆడపిల్లేనా అన్న అనుమానం ఉందా? లేదు. ఒళ్ళు ఆడపిల్లదే, నడత మగవాడిదని ఆవిడ ఉద్దేశం. మొదటిది సెక్స్, రెండోది జెండర్. పాఠం అంతే. మగపిల్లాణ్ణి ఆడంగి అనడమూ ఇలాంటిదే, కాకపోతే మగరాయుడులో కాస్త ముద్దు కలిసి ఉంటుంది, ఆడంగిలో విషమే. ఎందుకలా అని అడగండి, ఇంకో అరగంట నడుస్తుంది. కళల గురించి తెలిసినవాళ్ళుంటే, కూచిపూడిలో ఆడవేషాలకు పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామ వేషాన్ని గుర్తుచేస్తాను. ఆ నడక, ఆ ఓరచూపు, జడ పట్టుకునే తీరు, అన్నీ సాధన చేసి తెచ్చుకున్నవే. (తెలుగు మాస్టర్లుంటే ఇంకో సరదా ఉంది. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. ఒక్కతే ఉంటే ఆవుతో పాటు, పదిమంది కలిస్తేనే 'వచ్చారు'. ఈ ముక్క అన్నాక వాళ్ళు వాళ్ళలో వాదించుకుంటారు, మనం టీ తాగొచ్చు.)

అందుకే నా ఓటు పట్టికకే. కానీ దానిమీద నాకున్న ధీమాకు ఒకసారి గట్టి దెబ్బే తగిలింది. ఒక శిక్షణలో 'జెండర్ అంటే సమాజం నేర్పేది' అని ముగించాను. వెనక నుంచి ఒక ట్రాన్స్ మహిళ లేచారు. "నన్ను ఆడదానిలా ఉండమని ఎవరూ నేర్పలేదు మేడం. ఉండొద్దని మా నాన్న బెల్టుతో కొట్టాడు. మరి నాది ఏ గడి?" నా దగ్గర జవాబు లేదు. ఒళ్ళు చెప్పనిది, ఊరు నేర్పనిది ఇంకోటి ఉంది. పట్టికలో దానికి చోటు లేదు. బిస్కెట్టు మనిషికి మెదడు దగ్గర దానికోసం ఒక గీత ఉంది. 2014లో ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద ఇచ్చిన నల్సా తీర్పులో సుప్రీంకోర్టు గుర్తించింది కూడా దాన్నే: ఎవరి జెండర్ ఏమిటో వాళ్ళే చెప్పుకోవాలి, డాక్టరు పరీక్ష చేసి తేల్చేది కాదు. ఈ ఒక్క విషయంలో బొమ్మ నెగ్గింది, ఒప్పుకోవాలి.

పట్టికలో ఎడమ గడి కూడా చూసినంత నున్నగా లేదు. సైన్సు టీచర్లు ఎక్స్ఎక్స్, ఎక్స్‌వై పాఠం చాలంటారు. తండ్రి నుంచి వచ్చే క్రోమోజోమే బిడ్డ ఆడో మగో తేలుస్తుందని తెలియడం వల్ల ఎంతమంది కోడళ్ళకు ఊరటో, కాదనను. కానీ ఎక్స్ఎక్స్‌వై, ఒకే ఎక్స్ ఉన్నవాళ్ళ సంగతి ఇంటర్‌కి వస్తేగాని తెలియదు, అదీ రుగ్మతల జాబితాలో. శాంతి సౌందరరాజన్ 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల రజతం గెలిచారు. ఆడా మగా అని తేల్చే పరీక్ష చేసి పతకం వెనక్కి తీసుకున్నారు. ఆమె పుట్టినప్పటి నుంచీ ఆడపిల్లగానే పెరిగారు. 2014లో పరుగుల క్రీడాకారిణి ద్యుతీ చంద్‌ను హార్మోన్ల లెక్కతో జట్టు నుంచి తప్పించారు, 2015లో క్రీడల మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఆ నిబంధననే పక్కన పెట్టింది. క్రోమోజోమా, హార్మోనా, కనిపించే ఒళ్ళా, దేన్నిబట్టి తేల్చాలో అంతర్జాతీయ క్రీడాసంఘాలకే ఏళ్ళ తరబడి కుదరలేదు. ఈ రెండు కథలూ చెప్పాకే ఎడమ గడి నింపుతున్నాను.

మిగతావి క్లుప్తంగా. పురాణాలు: బృహన్నల వరకు బాగానే ఉంటుంది, శిఖండి పేరు మన దగ్గర తిట్టయిపోయింది, వదిలేయండి. ఎన్సీఈఆర్టీ 2021లో ట్రాన్స్‌జెండర్ పిల్లల గురించి టీచర్ల కోసం పెట్టిన శిక్షణ పుస్తకం: అభ్యంతరాలు రాగానే వెబ్‌సైట్ నుంచి తీసేశారు. మీ చేతిలో ఒక సెమిస్టర్ ఉంటే మాత్రం హైదరాబాద్‌లోని మహిళా అధ్యయన సంస్థ అన్వేషి బృందం తయారుచేసి, తెలుగు అకాడమీ 2015లో వేసిన ద్విభాషా పాఠ్యపుస్తకం చూడండి. ఇంజనీరింగ్ పిల్లల కోసం రాసింది. 40 నిమిషాల్లో అయ్యేది కాదు.

ఇప్పుడు నా బోర్డు మీద గడులు మూడు. మూడోదానికి పేరే దొరకలేదు. 'లింగ గుర్తింపు' అని రాస్తే ఒక అంగన్‌వాడీ టీచర్ ఆధార్ కార్డు తీశారు. అప్పటి నుంచి 'లోపల' అని మాత్రం రాస్తున్నాను.