రోలరా, లైనరా, ఫీడర్ సెట్ మొత్తమా: ఏది మేలు?

"మోటర్ తిరుగుతాంది అన్నా, వైరే రాల్యా" అని మా హెల్పర్ పిల్లోడు కేకేశాడు. పోయిన ఆషాఢం మాట. మా వెల్డింగ్ షెడ్డులోని సీవోటూ మిషన్ సంగతిది. స్పూలు అనే చుట్టలోని వైరును ఫీడర్ తన రోలర్ల మధ్య నొక్కి నెడుతుంది, అది కేబుల్ లోపల ఉండే లైనర్ అనే గొట్టంలోంచి గన్ దాకా పోయి, కొసనున్న టిప్పు రంధ్రంలోంచి బయటికి వస్తుంది. అనంతపురంలో ఆషాఢం గాలి సంగతి తెలిసిందే. అతుకును కాపాడే సీవోటూ గ్యాస్ ఎగిరిపోతుందని షట్టర్ సగం దించుకుని పని చేసుకుంటాం, అయినా ఎర్రమట్టి లోపలికి వచ్చేస్తుంది. సగం అతికిన ట్రాక్టర్ ట్రాలీ ఒకటి షెడ్డులో ఉంది. విత్తనం పనులు మొదలయ్యాయని దాని రైతు రోజూ పొద్దున్నే వచ్చి బెంచీ మీద కూర్చుంటున్నాడు.

ఆ టెన్షన్‌లో నేనూ అందరూ చేసే పనే చేశాను. ఫీడర్ మీద, రోలర్లు వైరును నొక్కే ఒత్తిడిని పెంచే ప్రెషర్ నాబ్ ఇంకో రెండు చుట్లు బిగించాను. గంట నడిచింది. ఆ తర్వాత గన్‌లోకి పోవలసిన వైరు రోలర్ దగ్గరే ఊడిన జుట్టు ఉండలా చిక్కుపడిపోయింది. మూత తీసి చూస్తే రోలర్ కింద కారప్పొడి లాంటి రాగి పొడి. వైరు మీది రాగి పూతను రోలరే గీకేస్తోంది.

ఇప్పుడు ఏది మార్చాలి? షాపులో అడిగితే "ఫీడర్ సెట్ మొత్తం మార్చేయన్నా, తలనొప్పి ఉండదు" అంటారు. పక్క షెడ్డాయన రోలర్ చాలంటాడు. ఎవరి మాటా వినకుండా ముందు పది నిమిషాలు కేటాయించండి. గన్ టిప్పు విప్పి స్విచ్ నొక్కండి. వైరు సాఫీగా వచ్చిందంటే తప్పు టిప్పుదే. అప్పటికీ రాకపోతే మిషన్ ఆపి, పై రోలర్‌ను నొక్కి పట్టే ప్రెషర్ ఆర్మ్ పైకెత్తి, గన్ కేబుల్‌ను నేల మీద తిన్నగా పరిచి వైరును చేత్తో లాగండి. బిగుతుగా, గరగరమంటూ వస్తే లైనర్ పోయింది. స్పూలు తిరగనని మొండికేస్తే దాని బ్రేకు నట్టు ఎక్కువ బిగిసిందన్నమాట. ఇవన్నీ బాగుండి, ఆర్మ్ దించాక మాత్రమే వైరు జారుతుంటే అది రోలర్ పని.

టిప్పు గురించి ఆలోచించేదేమీ లేదు. రంధ్రం గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారానికి వచ్చిందంటే పారేయడమే. రెండు మూడు టీల ఖర్చు. దాన్ని సుత్తితో నొక్కి వాడేవాళ్లను చూశాను, ఆ పిసినారితనానికి దండం.

రోలర్ దగ్గర అసలు ప్రశ్న, కొన్నది మేలా, లేతు మీద చేయించినది మేలా అన్నది. మాకు ఒరిజినల్ రోలర్ బెంగళూరు నుంచి రావాలి. 200 కిలోమీటర్ల పైచిలుకు దూరం, బస్సు పార్సిల్‌కైనా ఒకటి రెండు రోజులు పడుతుంది. అంత ఆగలేక లేతు మామ దగ్గరికి పోయాను. పాత రోలర్ చూసి సాయంత్రానికి అచ్చం అలాంటిదే చేసిచ్చాడు. పనితనానికి వంక పెట్టడానికి లేదు, కానీ అది మెత్తని ఇనుము. రోలర్ చుట్టూ వైరు కూర్చునే గాడి సెంటర్ వెంట్రుకవాసి తప్పింది కాబోలు, రోలర్ ఒక్కో చుట్టు తిరిగినప్పుడల్లా ఆర్క్ (వెల్డింగ్ మంట) ఒకసారి గట్టిగా, ఒకసారి మెత్తగా వినిపించేది. గాడిలో మిగిలిన లేతు టూల్ గీతలు వైరును ఆకురాయిలా గీకాయి. ట్రాలీ మాత్రం పూర్తయింది. అంటే అది నాలుగు రోజుల గండం గట్టెక్కడానికి పనికొస్తుంది, అంతకుమించి కాదు. కొన్న రోలర్ గట్టిపరిచిన స్టీలుతో వస్తుంది, రెండు గాడులుంటాయి. ఒకటి అరిగితే తిప్పి పెట్టుకోవచ్చు, ఆ రెండో గాడి కూడా మీ వైరు సైజుదే అయితేనే.

అరిగిందో లేదో చూడాలంటే రోలర్ విప్పి గాడిలో వైరు ముక్క పెట్టండి. వైరు గాడి అంచుకన్నా కాస్త పైకి కనబడాలి. లోపలికి మునిగిపోయిందంటే పై రోలర్ వైరును కాకుండా గాడి అంచులనే నొక్కుతోంది. అప్పుడు నాబ్ ఎంత బిగించినా ఉపయోగం లేదు. కొనేటప్పుడు 1.2 (వైరు మందం, మిల్లీమీటర్లలో) అన్న ముద్ర ఒక్కటి చూస్తే చాలదు, లోపలి రంధ్రం, బయటి వ్యాసం, మందం వెర్నియర్‌తో కొలిచి చెప్పాలి. మామూలు ఇనుప వైరుకు V గాడి, అల్యూమినియానికి U గాడి, లోపల పొడి నింపిన ఫ్లక్స్ కోర్ వైరుకు గరుకు పళ్లున్న గాడి. మామూలు వైరుకు పళ్లున్నది పెడితే పట్టు బాగానే ఉంటుంది, కానీ రాలిన పొడంతా పోయి లైనర్‌లో కూర్చుంటుంది.

నా లెక్కలో అసలు దొంగ లైనరే. ఆ రోజు దాన్ని బయటికి లాగి పాత పేపర్ మీద తట్టితే మట్టి, రాగి కలిసిన నల్లటి పొడి కుప్ప పడింది. రోలర్ దగ్గర వైరు జారింది కూడా లైనర్ బిగుసుకుపోయినందుకే. కంప్రెసర్ గాలి కొట్టి మళ్లీ వాడటమా, కొత్తది వేయడమా అంటారా? స్పూలు మార్చినప్పుడల్లా గాలి కొట్టడం మంచి అలవాటు. కేబుల్ మడత పడ్డ చోట లైనర్ వంగిపోయి ఉంటే మాత్రం గాలి కొట్టి ప్రయోజనం లేదు, కొత్తదే వేయాలి. 0.8 వైరుకు నీలం రంగుది, 1.0, 1.2 వైర్లకు ఎరుపుది అడగండి. ఇనుప వైరుకు స్టీలు చుట్ల లైనర్ వాడాలి, టెఫ్లాన్‌ది అల్యూమినియానికి. కొత్తది కోసే ముందు కేబుల్ తిన్నగా ఉండాలి, చుట్టి ఉన్నప్పుడు కోస్తే తర్వాత పొడవు చాలదు. టిప్పు హోల్డర్ దాకా అందకపోతే ఆ ఖాళీలో వైరు మళ్లీ మెలిక పడుతుంది. కోసిన కొసను ఆకురాయితో రుద్ది, లోపలికి పొడుచుకొచ్చిన మొనను తీసేయాలి. నేను మొదటిసారి ఇది మరిచిపోయి, కొత్త లైనర్ వేసిన పూటే మళ్లీ గన్ విప్పాను.

ఇవి మార్చాక నాబ్‌ను పూర్తిగా వదులు చేసి మొదలుపెట్టండి. గన్‌ను చెక్క ముక్కకు ఏటవాలుగా ఆనించి స్విచ్ నొక్కితే వైరు వంగి చుట్టుకుంటూ రావాలి. జారితే పావు చుట్టు బిగించండి, అంతే. ఇనుము మీద మాత్రం చూడొద్దు, స్విచ్ నొక్కితే వైరులో కరెంటు ఉంటుంది.

ఫీడర్ సెట్ మొత్తం మార్చడం నాకు రెండు సందర్భాల్లోనే సబబనిపిస్తుంది. ప్రెషర్ ఆర్మ్ ప్లాస్టిక్‌ది అయి, ఎండలకు పగిలి, రోలర్‌ను వంకరగా నొక్కుతుంటే ఒకటి. రోజంతా ఫ్లక్స్ కోర్ వైరు నడుపుతూ, గన్ కేబుల్ నాలుగైదు మీటర్లుంటే రెండోది. అప్పుడు నాలుగు రోలర్ల ఫీడర్ మేలు, తక్కువ ఒత్తిడితోనే వైరును పట్టుకుంటుంది. కొనే ముందు మోటర్ ఓల్టేజీ కలుస్తుందో లేదో చూసుకోండి, చాలా ఫీడర్లవి 24 ఓల్టుల డీసీ మోటర్లు. గ్రిల్స్, గేట్లు, అప్పుడప్పుడు ఒక ట్రాలీ చేసే మాలాంటి షెడ్డుకు మూడు మీటర్ల గన్, రెండు రోలర్లు చాలు. ఆ సెట్ డబ్బులో కొంత పెట్టి నేను ఎరుపు లైనర్లు రెండు, బెంగళూరు రోలర్ ఒకటి తెచ్చి డ్రాయర్‌లో పెట్టుకున్నాను. రోలర్‌లోకి వెళ్లే ముందు వైరును తుడిచేలా ఒక స్పాంజి ముక్క క్లిప్పుతో బిగించాను. రెండు రోజులకే అది ఎర్రమట్టి రంగుకు తిరిగింది.