తొమ్మిదేళ్లు వాడాక రిస్ట్ స్ట్రాప్ గురించి: ఈపీఏబీఎక్స్ కార్డులు మార్చేవాడి మాట

మా ఆఫీసు ఈపీఏబీఎక్స్ (లోపలి ఫోన్లన్నిటినీ కలిపే ఎక్స్ఛేంజ్) ర్యాక్‌లో ఏ కార్డు (సర్క్యూట్ బోర్డు) పోయినా తీసి వేరేది పెట్టే పని నాదే. ఆ పని కోసం కొన్నవాటిలో అన్నిటికంటే చవకైనది ఈ రిస్ట్ స్ట్రాప్. సాగే పట్టీ, లోపలివైపు చర్మానికి తగిలే చిన్న స్టీలు రేకు, రిసీవరు తీగలా మెలికలు తిరిగిన తీగ, దాని చివర ఎర్త్‌కి తగిలించే మొసలి క్లిప్పు. ఒంటిమీద చేరిన స్టాటిక్ కరెంటు ఆ తీగ గుండా ఎర్త్‌కి పోతుంది. అంతే. తొమ్మిదేళ్లుగా వాడుతున్నాను.

మొదటిసారి కట్టుకున్నప్పుడు మా సీనియర్ చూసి నవ్వారు. "ఏంటి బాబూ, పారిపోతావని కట్టేశారా?" ఆయన ఎన్నో ఏళ్లుగా ఉత్త చేతులతోనే కార్డులు లాగేవారు. "నాకేం కాలేదు" అనేవారు. నిజమే, ఆయనకేం కాలేదు. అయ్యేదల్లా కార్డుకే. ఒంటిమీది స్టాటిక్ మనకు చురుక్కుమని తెలియాలంటే దాదాపు 3,000 వోల్టులుండాలి. కార్డు మీది సున్నితమైన చిప్ దెబ్బతినడానికి అందులో పదో వంతు చాలు. అప్పటికప్పుడు చచ్చిపోతే గొడవే లేదు, వేరేది పెట్టుకుంటాం. కొన్ని సగం దెబ్బతిని మామూలుగానే నడుస్తాయి, తర్వాతెప్పుడో మొరాయిస్తాయి. పట్టీ కొనకముందు ఒక 16 పోర్టుల ఎక్స్‌టెన్షన్ కార్డును తీసి, స్టాటిక్ పుట్టించే థర్మోకోల్ మూత మీద పెట్టాను. తిరిగి స్లాట్‌లో పెడితే బాగానే పనిచేసింది. మూడు వారాల తర్వాత రెండు పోర్టుల్లో డయల్ టోన్ పోయింది. స్టాటిక్ వల్లేనని ప్రమాణం చేసి చెప్పలేను గానీ, ఆ మర్నాడే పట్టీ కొన్నాను.

కొన్నాక దాదాపు రెండేళ్లు దాన్ని దండగ చేశాను. క్లిప్పును ర్యాక్ అంచుకి తగిలించేవాణ్ణి. ఓ రోజు ఊసుపోక మల్టీమీటర్ ఒక మొన క్లిప్పుకీ, రెండోది ర్యాక్ ఎర్త్ బోల్టుకీ పెడితే ఓపెన్ చూపించింది, అంటే మధ్యలో కనెక్షనే లేదు. ఆ అంచంతా పౌడర్ కోటింగే! క్లిప్పు కరిచింది రంగునే, ఇనుముని కాదు. అప్పట్నుంచి నేరుగా ఎర్త్ బోల్టుకే తగిలిస్తున్నాను. మీ దగ్గర పట్టీ ఉంటే ఇవాళే ఈ ఒక్కటి చూసుకోండి.

తీగలో 10 లక్షల ఓముల (ఒక మెగాఓమ్) రెసిస్టర్ ఉంటుంది. అది కార్డు కోసం కాదు, మన కోసం. చెయ్యి పొరపాటున 230 వోల్టుల మీద పడ్డా ఆ తీగ గుండా పారేది పావు మిల్లీఆంపియర్ దాటదు. మా దగ్గర ఒకాయన తీగ తెగిపోతే మామూలు వైరు ముక్కతో అతుకేశాడు. చూసి నేనే కత్తిరించి పారేశాను. ఆ రెసిస్టర్ లేకపోతే మనల్ని మనమే ఎర్త్‌కి కట్టేసుకున్నట్టు. తీగలేని పట్టీ కూడా ఒకటి కొని చూశాను. ఛార్జి పోవడానికి దారే లేనప్పుడు అది చేతికి అలంకారం, అంతే.

ఇక పట్టీ చేయలేని పనులు. కార్డులు పాడయ్యేది స్టాటిక్ కంటే తొందరపాటుతోనే ఎక్కువ. సిస్టమ్ నడుస్తుండగా మార్చుకోవచ్చని మాన్యువల్ ఏ కార్డు గురించి చెబితే దాన్నే అలా తీయాలి. అదైనా ముందు ప్రోగ్రామింగ్‌లోకి వెళ్లి స్లాట్‌ని అవుట్ ఆఫ్ సర్వీస్ చేశాకే, అంటే పనిలోంచి తప్పించాకే. అవాయా వాళ్ల సిస్టమ్‌లలో బిజీఅవుట్ కమాండ్ ఇందుకే. కార్డు మీద లైటు మారిందో లేదో చూసి, పైనా కిందా ఉన్న రెండు లివర్లనీ ఒకేసారి వంచి, అంచులు పట్టుకుని లాగాలి. ఒక పక్కే లాగితే కార్డు వాలుతుంది, కనెక్టర్ పిన్ను వంగుతుంది. బ్యాక్‌ప్లేన్‌లో (కార్డులన్నీ గుచ్చే వెనక బోర్డులో) వంగిన పిన్నుని సన్నటి ట్వీజర్‌తో ఊపిరి బిగబట్టి తిన్నగా చేసిన గంట నాకింకా గుర్తుంది. తీసిన కార్డు వెండి రంగు కవర్లోకి పోవాలి. గులాబీ రంగు కవరు తాను స్టాటిక్ పుట్టించదంతే, బయటి నుంచి వచ్చేదాన్ని ఆపదు. బ్యాటరీ ఉన్న కార్డునైతే వెండి కవరు పైన మాత్రం పెట్టొద్దు, కొన్నిటి పైపొర కరెంటుని పారనిస్తుంది.

సీపీయూ కార్డూ, పవర్ సప్లై మార్చాలంటే మా సిస్టమ్ పూర్తిగా ఆపాల్సిందే. ఒకసారి మెయిన్ స్విచ్ ఆపేసి, పట్టీ కట్టుకుని, సీపీయూ లివర్ మీద వేలు పెట్టాను. కార్డు మీద పచ్చ లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. ర్యాక్ వెనకాల నాలుగు 12 వోల్టుల బ్యాటరీలు కలిసి 48 వోల్టులు ఇస్తూ దాన్ని బతికిస్తున్నాయి! బ్యాటరీ బ్రేకర్ సంగతే మర్చిపోయాను. అప్పటికి ప్రోగ్రామింగ్ బ్యాకప్ తీసుకుని ఎనిమిది నెలలైంది. ఆ లివర్ లాగి ఉంటే ఎక్స్‌టెన్షన్ నంబర్లన్నీ కాగితాలు వెతికి మళ్లీ కొట్టాల్సి వచ్చేదేమో. ఇప్పుడు బ్యాకప్ తీయకుండా పట్టీ కూడా చేతికి చుట్టను.

ఎండీఎఫ్ (ఫోన్ లైన్లన్నీ వచ్చి చేరే ఫ్రేము) దగ్గర తీగలు బిగించే పంచింగ్ పనికీ, పవర్ సప్లై విప్పే పనికీ పట్టీ తీసేస్తాను. లైన్ మోగేటప్పుడు ఆ జతల మీద 70 నుంచి 90 వోల్టుల దాకా ఏసీ ఉంటుంది, పవర్ సప్లై కెపాసిటర్లలో ఆపేశాక కూడా కరెంటు మిగిలి ఉంటుంది. ఆ రెండు చోట్లా ఒంటిని ఎర్త్‌కి కలిపి కూర్చోకూడదు.

మన్నిక సంగతి. పట్టీ నాలుగో ఏడాదికే సాగి వదులైంది. రేకు చర్మానికి ఆనకుండా చొక్కా చేతి మీదికి జారితే కట్టుకున్నా ఒకటే, కట్టుకోకున్నా ఒకటే. ఆరో ఏడాదిలో తీగ క్లిప్పు మొదట్లో లోపలే తెగింది. పైకి చక్కగానే కనిపించేది, వంచితే మీటర్ ఒకసారి మెగాఓమ్ చూపించేది, ఇంకోసారి ఓపెన్. అందుకే కార్డు ముట్టుకునే ముందు తీగని అటూ ఇటూ వంచి మరీ కొలుస్తాను, అర నిమిషం పని.

కొత్తది కొనేవాళ్లకి ఒక్క మాట: పట్టీకీ తీగకీ మధ్య ఉండే గుండీ 4 మిల్లీమీటర్లదీ ఉంటుంది, 10 మిల్లీమీటర్లదీ ఉంటుంది. నేను చూసుకోకుండా పట్టీ ఒక్కటే తెప్పించాను. అది నా తీగకి పట్టలేదు, ఇప్పటికీ డ్రాయర్లో ప్యాకెట్ విప్పకుండానే ఉంది.