బిల్లులో కొత్త మోటార్, బండి కింద పాత మోటార్: పాత గెట్‌అవేలో మారేడుమిల్లి నుంచి లంబసింగి దాకా

పాత ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందే) పికప్ ఉన్నవాళ్లకు ముందుగా ఒక్క మాట. బండిని రిపేరుకు ఇచ్చినప్పుడు తీసేసిన పాత సామాను చేతికి వచ్చేదాకా బిల్లు కట్టకండి. మేము వర్క్‌షాప్‌లో అడిగాం. "స్క్రాప్‌లోకి వెళ్లిపోయింది" అన్నారు. ఆ సమాధానం కూడా అడిగిన నాకు చెప్పలేదు, పక్కన నిలబడ్డ మా ఆయనకు చెప్పారు. బండి నాది, నడిపేది నేను, డబ్బు కట్టింది నేను. ఫోర్ వీల్ డ్రైవ్ మోటారు కొత్తది వేశామని వాళ్లు ఇచ్చిన ఆ 23,400 రూపాయల బిల్లు మా ప్రయాణం మొత్తాన్ని ఎలా తిప్పిందో రాస్తున్నాను. ఇంకొకరు అలా మోసపోకూడదు.

మాది 2010 మహీంద్రా స్కార్పియో గెట్‌అవే. డబుల్ క్యాబిన్, ఫోర్ వీల్ డ్రైవ్. నాన్న పొలం పనులకని కొన్నారు, తర్వాత నాకు ఇచ్చేశారు. పదిహేనేళ్లు నిండగానే అమ్మేయమని చెప్పనివాళ్లు లేరు. ఒక డీలరు 2 లక్షల 40 వేలు ఇస్తానన్నాడు. ఆ డబ్బుకు నలుగురు కూర్చుని, వెనుక బాడీలో సామానేసుకుని, నాలుగు చక్రాలతో కొండెక్కే బండి ఇంకోటి ఎక్కడ దొరుకుతుంది? అందుకే ఆర్‌సీ రెన్యువల్ చేయించాను. 2022 ఏప్రిల్ నుంచి దానికి ఫీజు 600 నుంచి 5,000 అయింది. ఫిట్‌నెస్ చూసి ఇంకో ఐదేళ్లకు రాసిచ్చారు.

ఈ మోడల్ బీఎస్-6 కాలుష్య నిబంధనల దాకా రాకుండానే ఆగిపోయింది. అయినా ఇంజన్ సామాను విషయంలో టెన్షన్ లేదు. 2.2 లీటర్ల ఎంహాక్ డీజిల్ ఇంజన్ స్కార్పియోలోనూ ఉన్నదే కాబట్టి ఫిల్టర్లు, బెల్టులు, ఇంజెక్టర్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. ఇబ్బందల్లా వెనుక బాడీ డోరు, ఫోర్ వీల్ డ్రైవ్ సామాను లాంటి వాటితోనే. మోసం కూడా సరిగ్గా అక్కడే జరుగుతుంది, పక్క షాపులో ధర అడిగి చూసుకునే వీలుండదు కాబట్టి.

బయలుదేరే ముందు ఆటోనగర్‌లో మాకు అలవాటైన మేస్త్రీ దగ్గర కింద పనంతా చేయించాను. వెనుక కమాన్ కట్టలు విప్పి బుష్‌లు, ఒక పక్క మెయిన్ పట్టీ మార్చడానికి 7,800. ఇంజన్ శక్తిని చక్రాల వైపు తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ కీళ్లకు, అంటే క్రాస్‌లకు, 2,900. ఆయిలు, ఫిల్టర్లకు 5,200. నిపుల్స్ అన్నిటికీ గ్రీజు కొట్టినందుకు ఆయన వేరే డబ్బు తీసుకోలేదు. పాత క్రాస్‌లు గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టాడు.

మిగిలింది ఒక్కటే, ఫోర్ వీల్ లైటు. ఈ బండిలో గేరు రాడ్డు పక్కన ఇంకో రాడ్డు ఉండదు. డాష్‌బోర్డు దగ్గర నాబ్ ఉంటుంది: టూ హై (వెనుక చక్రాలే), ఫోర్ హై (నాలుగు చక్రాలూ), ఫోర్ లో (నాలుగు చక్రాలూ, తక్కువ వేగం, ఎక్కువ బలం). నాబ్ తిప్పితే ముందు చక్రాలకు కూడా శక్తి పంచే గేరుపెట్టె, అంటే ట్రాన్స్‌ఫర్ కేసు మీద ఉన్న చిన్న షిఫ్ట్ మోటారు తిరిగి లోపల గేరు మారుస్తుంది. మోటారు చేరాల్సిన చోటికి చేరకపోతే లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. మాకు అదే జరుగుతోంది. వైరింగు పని తన వల్ల కాదని మేస్త్రీ నిజాయితీగా చెప్పాడు. దాంతో ఊళ్లో పేరున్న ఒక పెద్ద వర్క్‌షాప్‌లో ఇచ్చాం. కొత్త షిఫ్ట్ మోటారు 17,800, లేబరు 3,200, ఆయిలు 1,400, స్కానింగు 1,000. డెలివరీ రోజు నున్నటి సిమెంటు నేల మీద నాబ్ తిప్పి చూపించారు. లైటు వెలిగింది.

నవంబరు మొదట్లో, వానలు పడి ఆగిన వారంలో, రాజమండ్రి నుంచి బయలుదేరాం. నేను, మా ఆయన, మా అత్తయ్య, మా తమ్ముడు. గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి చేరడం హాయిగా జరిగిపోయింది. డీజిల్ మాత్రం రంపచోడవరంలోనే ఫుల్ చేయించుకోండి. మారేడుమిల్లిలో గది 1,800. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు వచ్చాయి, అత్తయ్య మెచ్చుకుంది. మెయిన్ రోడ్డు మీద అమ్మే బొంగులో చికెన్ గురించి మాత్రం నా అభిప్రాయం వేరు. జనం ఎక్కువున్న రోజున సగం ఉడికిందే చేతిలో పెడుతున్నారు. మీ ముందే బొంగు నింపి నిప్పుల మీద పెట్టేవాళ్ల దగ్గరైతేనే ఆగండి.

గుడిస అనే గడ్డి కొండ మీద సూర్యోదయం చూడాలంటే తెల్లవారుజామున మూడున్నరకే లేవాలి. సొంత బండిలో వెళ్తామంటే అక్కడి బొలెరో డ్రైవర్లు వద్దన్నారు. వాళ్ల బండికి 4,500 అడిగారు. ఫోర్ బై ఫోర్ ఉందిగా అని ధైర్యంగా బయలుదేరాం. అత్తయ్య గదిలోనే ఉండిపోయింది. పుల్లంగి ఊరి దాకా బాగానే ఉంది. మట్టి దారి మొదలయ్యాక ఎర్ర బురదలో లోతైన చక్రాల జాడలు. ఒక ఎత్తు ముందు ఆపి ఫోర్ హై తిప్పాను. లైటు కాసేపు మిణుకుమిణుకుమని ఆరిపోయింది. ఇంజన్ ఆపి మళ్లీ తిప్పాను, అదే తీరు. ఫోర్ లో కూడా పడలేదు. వెనుక చక్రాలు ఉన్నచోటే తిరిగి, బండి వెనుక భాగం పక్కకు జారి లోయ వైపు మొగ్గింది. ఖాళీ పికప్‌తో ఉన్న చిక్కే ఇది, వెనుక బరువు లేక చక్రాలకు పట్టు ఉండదు. చీకట్లో, అయిదు మీటర్లు దాటిన బండిని ఆ సన్నని దారిలో తిప్పే వీలు లేదు. నా చేతులు వణికాయి. కొత్త మోటారుకు డబ్బు కట్టి రెండు వారాలు కాలేదు!

వెనుక వచ్చిన బొలెరో డ్రైవరు, పొద్దున 4,500 చెప్పినవాళ్లలో ఒకడే, దిగి వచ్చాడు. "అక్కా, బ్రేకు తొక్కకండి, రివర్సులో ఇంజను మీదే వదలండి" అన్నాడు. టైర్లలో గాలి ఇరవైకి తగ్గించి, చక్రాల వెనుక రాళ్లు పెట్టి, మా తమ్ముడు టార్చి పట్టుకుంటే, గజం గజం వెనక్కి నడిపించాడు. బండి ఒక పక్కన పెట్టించి, ఖాళీ ఉన్న సీట్లలో మమ్మల్ని పైకి తీసుకెళ్లి దింపినందుకు 1,500 తీసుకున్నాడు. సాయానికి ఏమీ తీసుకోలేదు. పైన గడ్డి కొండల చుట్టూ మేఘాలు నిండిపోయి ఉన్నాయి, సూర్యోదయం నిజంగానే గొప్పగా ఉంది. నేను మాత్రం దాన్ని పూర్తిగా చూడలేకపోయాను. ఆ బిల్లే కళ్ల ముందు కనబడింది.

తిరిగి వచ్చాక ఇంటికి పోదామని మా తమ్ముడు పట్టుబట్టాడు. మా ఆయన ఏమీ మాట్లాడలేదు, అది ఇంకా కష్టంగా అనిపించింది. అత్తయ్య ఒక్కతే, "ముందున్నది తారు రోడ్డే కదా, దానికి నాలుగు చక్రాలెందుకు? పదండి" అంది. ఆవిడ మాటే నెగ్గింది.

ఘాటు దిగి, చింతూరు వెళ్లే దారిలో లక్కవరం జంక్షన్ దగ్గర తిరిగి మోతుగూడెం, డొంకరాయి మీదుగా సీలేరు. పొల్లూరు జలపాతం చూశాం, 460 మెగావాట్ల దిగువ సీలేరు విద్యుత్ కేంద్రం పక్కనుంచే వెళ్లాం. దారి అందంగా ఉంది, ఫోన్ సిగ్నల్ చాలా చోట్ల లేదు. తారు రోడ్డు అన్నది పేరుకే, గుంతల్లో గంటకు పదిహేను, ఇరవై కిలోమీటర్లే. ఇక్కడే ఆటోనగర్ మేస్త్రీ పని విలువ తెలిసింది. పాత కమాన్ బుష్‌లతో అయితే ప్రతి గుంతకూ వెనుక నుంచి దడదడలాడేది. ఈసారి వెనుక సీట్లో అత్తయ్య నిద్రపోయింది. సీలేరులో ఒక చిన్న మెస్సులో అన్నం, చేపల పులుసు, 120 రూపాయలు. చేప ఆ పూటే రిజర్వాయరులో పట్టిందన్నారు. పులుసులో చింతపండు, మెంతుల ఘాటు సమంగా కుదిరాయి. తమ్ముడు రెండోసారి పెట్టించుకుని, అప్పటిదాకా ఉన్న కోపం వదిలి మామూలుగా మాట్లాడాడు. ఆ దారిలో వెళ్తే భోజనం అక్కడికే అట్టిపెట్టుకోండి.

సప్పర్ల, ఆర్‌వీ నగర్ కాఫీ తోటలు దాటి చింతపల్లి చేరాం. ఫోర్ వీల్ బాగుచేసేవాళ్లు ఎవరున్నారని అడిగితే జీపుల షెడ్డు ఒకటి చూపించారు. రేకుల పైకప్పు, మట్టి నేల. అరవై ఏళ్ల పెద్దాయన, సాయంగా ఒక కుర్రాడు. నేను చెప్పిందంతా నా వైపే చూస్తూ విన్నాడు. "అమ్మా, లైటు ఆరేముందు కింద టకటకమని శబ్దం వచ్చిందా?" అని అడిగాడు. వచ్చింది. "అయితే మోటారు తిరగాలని చూస్తోంది, కరెంటు చాలడం లేదు" అన్నాడు.

బండి కిందికి దూరి మోటారు విప్పి బయటికి తెచ్చి నా ముందే గోనెపట్టా మీద పెట్టాడు. పైన నల్ల పెయింటు నిగనిగలాడుతోంది. స్క్రూడ్రైవరు మొనతో గీస్తే కింద ఏళ్లనాటి తుప్పు. బోల్టు తలల మీద కూడా అదే పెయింటు. మూత తీస్తే లోపల పచ్చటి చిలుము పట్టిన కాంటాక్టులు, ఎండి గట్టిపడ్డ పాత గ్రీజు. కనెక్టరులో నీళ్లు దిగకుండా ఉండాల్సిన రబ్బరే లేదు. సిమెంటు నేల మీద పొడిగా ఉన్నప్పుడు ఎలాగో తిరిగింది, బురద నీళ్లు తగిలేసరికి ఆగిపోయింది. 17,800 పెట్టి నేను కొన్న కొత్త మోటారు అది. ఫొటోలు, వీడియో తీసుకున్నాను. మా ఆయన ముఖం ఎర్రబడింది. ఆయనకు అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు.

పెద్దాయన కాంటాక్టులు సన్నటి ఉప్పుకాగితంతో రుద్ది, పెట్రోలుతో కడిగి, కొత్త గ్రీజు పెట్టాడు. తుప్పు పట్టిన ఎర్త్ వైరు కోసేసి కొత్తది వేశాడు. కనెక్టరుకు ఇంకో బండి నుంచి తీసిన రబ్బరు తొడిగి సిలికాన్ పూశాడు. అంతా కలిపి 650 రూపాయలు. వెయ్యి ఇస్తే 350 తిరిగి ఇచ్చేశాడు. రెండు చిట్కాలు కూడా చెప్పాడు. అవసరం ఉన్నా లేకపోయినా నెలకోసారి మట్టి నేల మీద ఫోర్ హై వేసి కొంచెం దూరం నడపాలి, లేకపోతే కాంటాక్టులు మళ్లీ పట్టేస్తాయి. పొడి తారు రోడ్డు మీద మాత్రం వేయకూడదు. మలుపులో ముందు, వెనుక చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగాలి, ఈ బండిలో అవి ఒకదానికొకటి బిగిసి ఉంటాయి కాబట్టి గేర్ల మీద భారం పడుతుంది.

ఆ సంతోషాన్ని లంబసింగిలో టెంటువాళ్లు పాడుచేశారు. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి రెండు టెంట్లు, ఒక్కోటి 2,800 చొప్పున ముందే కట్టేశాం. వెళ్తే జనరేటరు వెనుక వేసి ఉన్నాయి. పరుపులు మంచుకు తడిసి వాసన. పది టెంట్లకు రెండు బాత్రూములు, బకెట్టు వేడినీళ్లకు వంద, నెగడుకు అయిదు వందలు. అడిగితే "సీజన్ మేడం, ఇష్టమైతే ఉండండి" అని తల కూడా ఎత్తకుండా చెప్పారు. డబ్బు తిరిగివ్వలేదు. అత్తయ్య ఆ పరుపు ముట్టుకోనంది. బండి వెనుక సీట్లో రెండు దుప్పట్లు కప్పుకుని పడుకుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషి ఆ చలిలో అలా ముడుచుకుని పడుకుంటే నాకు కడుపు మండిపోయింది. మర్నాడు తాజంగి దగ్గర ఒక గిరిజన కుటుంబం వాళ్ల ఇంటి పక్క గది వెయ్యికి ఇచ్చారు. ఇటుక గోడలు, పొడి మంచాలు, పొద్దున్నే చోడి అంబలి. పెద్దవాళ్లతో వెళ్తే లంబసింగిలో టెంటు జోలికి పోకండి. గది చూశాకే డబ్బు ఇవ్వండి.

చెరువులవేనం కొండ ఎక్కేటప్పుడు బండిని అసలు పరీక్ష పెట్టాను. రాళ్లు తేలిన ఎత్తు ముందు ఆగి, న్యూట్రల్‌లో పెట్టి, క్లచ్ తొక్కి నాబ్ తిప్పాను. కింద ఒక్క టక్కు శబ్దం, లైటు స్థిరంగా వెలిగింది. ఫోర్ లో మొదటి గేరులో, యాక్సిలరేటరు మీద కాలు దాదాపు లేకుండానే, బండి మనిషి నడిచే వేగంతో రాళ్ల మీదుగా ఎక్కేసింది. తమ్ముడు కేకలు పెట్టాడు. పదిహేనేళ్ల బండి, 650 రూపాయల రిపేరు!

నర్సీపట్నం, తుని మీదుగా ఇల్లు చేరాం. డీజిలుకు మొత్తం 6,100 అయింది. ఘాట్లలో లీటరుకు పది కిలోమీటర్లు దాటలేదు.

మర్నాడే ఫొటోలు, బిల్లు పట్టుకుని ఆ వర్క్‌షాప్‌కు వెళ్లాను. ముందు అసలు ఒప్పుకోలేదు, తర్వాత "పొరపాటున జరిగి ఉంటుంది" అన్నారు, చివరికి 6,000 ఇస్తాం వదిలేయమన్నారు. తీసుకోలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. కొన్న సామాను, సేవ విలువ అయిదు లక్షలు దాటకపోతే అక్కడ ఫీజు కూడా లేదు. బిల్లు, చింతపల్లి షెడ్డులో తీసిన వీడియో, పెద్దాయన రాసిచ్చిన 650 రూపాయల చీటీ మూడూ ఒకే ఫైలులో పెట్టి ఉంచాను.