ఎంఎంటీఎస్ (హైదరాబాద్ లోకల్ రైలు) స్టేషన్ పక్కనే ప్లాటు అంటున్నారా? ముందు నడిచి చూడండి

రిజిస్ట్రేషన్ అయి పదకొండు రోజులు. హైదరాబాద్ శివార్లలో ఘట్‌కేసర్ అవతల 150 గజాల ప్లాటు, ఇరవై ఒక్క లక్షలు. వెంచర్ పేరు రాయను. ఉప్పల్ దాటాక వాళ్ళ ఫ్లెక్సీ లేని కరెంటు స్తంభం ఉండదు, 'స్టేషన్‌కి ఐదు నిమిషాలు' అని ఉంటుంది, వాళ్ళే.

2024 మార్చిలో ఘట్‌కేసర్ దాకా ఎంఎంటీఎస్ వచ్చింది, అక్కణ్ణుంచి యాదాద్రికి 33 కిలోమీటర్ల పొడిగింపు ఎప్పుడో మంజూరైంది, ఇంక రేట్లు ఆగవు అన్నారు. నమ్మాను. సైట్ విజిట్‌కి వాళ్ళ కార్లోనే వెళ్ళాం, బిర్యానీ కూడా పెట్టారు. ప్లాట్‌ఫారం రేకులు కనిపిస్తే ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టిన మేధావిని నేనే.

నిన్న మామయ్యని తీసుకెళ్ళాను. "ఐదు నిమిషాలే కదా అల్లుడుగారూ, స్టేషన్ దాకా నడుద్దాం" అన్నారు. రోడ్డు తిన్నగా పట్టాల పక్క కంచె దగ్గరికెళ్ళి ఆగిపోయింది. టికెట్ కౌంటర్, ఆటోలు, టిఫిన్ బండ్లు, కొత్తగా లేచిన అద్దె ఇళ్ళు, అన్నీ అవతలే. ఇటువైపు కంది చేలు, మా హద్దురాళ్ళు. రైల్వే గేటు మీదుగా చుట్టూ తిరిగితే నాలుగున్నర కిలోమీటర్లు. గేటు పడిందా, ఇంకో పావుగంట.

అక్కణ్ణుంచే ఏజెంటుకి ఫోన్ చేశాను.
"స్టేషన్ కనబడుతోందా సార్?"
"కనబడుతోంది."
"మరింకేంటి ప్రాబ్లమ్?" అని నవ్వాడు. పక్కనెవరితోనో "ప్లాటు కొని రైలెక్కుతాడంట" అనడం కూడా వినబడింది. టోకెన్ ఇచ్చేదాకా నేను 'అన్న'ని, ఇప్పుడు 'సార్'ని.

నాకు తెలియదా అంటే తెలుసు. ఏళ్ళ తరబడి హైటెక్‌సిటీ స్టేషన్‌లో దిగినవాణ్ణి. 2003 నుంచీ అక్కడ బండ్లు తిరుగుతున్నాయి, కానీ ఆ జనాన్ని తెచ్చింది పక్కనున్న ఆఫీసులు. ఉద్యోగాలుండాలి, బండి వెంటవెంటనే దొరకాలి, స్టేషన్‌కి దారుండాలి. అప్పుడే చుట్టుపక్కల స్థలానికి రేటు. నా ప్లాటుకి వీటిలో ఒక్కటీ లేదు, వ్యూ మాత్రం ఉంది.

కొనేవాళ్ళు మీ బండి మీద వెళ్ళండి. ప్లాటు నుంచి టికెట్ కౌంటర్ దాకా నడవండి, రోజుకి ఎన్ని బండ్లు ఆగుతాయో అక్కడే అడగండి. బిర్యానీ ఇంటి దగ్గర తినండి.

మామయ్య నిన్నటి నుంచి ఒక్క మాట అనలేదు. నాకదే టెన్షన్.